పో మైదానంలో ఇంజిన్ల వెంట

టురిన్ నగరాన్ని ఒక్క చూపులో చూడాలంటే లింగొట్టో పైకప్పు ఎక్కాలి. పడమట, ఉత్తరాన మంచు కప్పుకున్న ఆల్ప్స్ పర్వతాలు. తూర్పున పో నది, దాని ఆవలి ఒడ్డున పచ్చటి గుట్టలు. కాళ్ల కింద కార్లు పరుగెత్తడానికి వేసిన బాట. ఫియట్ కంపెనీ 1916లో కట్టడం మొదలుపెట్టి 1923లో ప్రారంభించిన ఫ్యాక్టరీ ఇది. ముడిసరుకు నేల మీది అంతస్తులోకి వెళ్లేది. అక్కణ్ణుంచి ఒక్కో అంతస్తూ ఎక్కుతున్నకొద్దీ కారు కొంచెం కొంచెంగా తయారయ్యేది. అయిదు అంతస్తులూ దాటి పైకప్పు మీదికొచ్చాక అక్కడి బాట మీద చుట్లు కొట్టించి, లోపం లేదని తేలితే కిందికి దించి ఊళ్లోకి పంపేవారు. దాదాపు కిలోమీటరు పొడవున్న ఆ బాట రెండు కొసలా ఏటవాలుగా పైకి లేస్తుంది, కారు వేగం పెద్దగా తగ్గించకుండానే మళ్లేటట్టు. మత్తే ట్రుక్కో అనే ఇంజినీరు గీసిన ఈ భవనాన్ని ల కార్బూజియె అంతటి వాస్తుశిల్పి మెచ్చుకున్నాడు.

1982లో ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత రెంజో పియానో దాన్ని దుకాణాలు, హోటలు, సభామందిరం, చదువుల గదులు ఉన్న చోటుగా మార్చారు. ఇప్పుడు పైకప్పు నిండా వేల మొక్కలతో తోట. బాట మాత్రం అలాగే ఉంది. చంటిబిడ్డల బళ్లు తోసుకుంటూ తల్లులు, చేతికర్రలతో పెద్దవాళ్లు ఒకప్పుడు కార్లు దూసుకెళ్లిన మలుపుల పక్కన నడుస్తున్నారు. నాకు సనత్‌నగర్ ఆల్విన్ గుర్తొచ్చింది. బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు చేసిన ఆ కంపెనీ ఇవాళ ఆల్విన్ కాలనీ, ఆల్విన్ క్రాస్‌రోడ్స్ అనే పేర్లలోనే జనం నోట వినిపిస్తుంది. పని ఆగిపోయినా పని జరిగిన చోటు మీద మనుషులు తిరుగుతూ ఉండొచ్చు. మన దగ్గర కూడా అలాంటిది ఒకటి ఉండాలని ఆ పైకప్పు మీద గట్టిగా కోరుకున్నాను.

నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని ఒక కుర్రాడు దగ్గరికొచ్చాడు. గుంటూరు అబ్బాయి. టురిన్ పాలిటెక్నిక్‌లో ఆటోమోటివ్ ఇంజినీరింగ్ చదువుతున్నాడట.

"అన్నా, మన దగ్గర స్విఫ్ట్ డీజిల్ నడిపినవాళ్లంతా ఒకసారి ఈ ఊరొచ్చి దణ్ణం పెట్టుకోవాలి" అన్నాడు.

"ఇండికా నడిపినవాళ్లు కూడా, తమ్ముడూ" అన్నాను.

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ ఇద్దరం చెప్పిందీ నిజమే. 1998లో టాటా వాళ్లు జనానికి చూపించిన ఇండికా రూపం టురిన్‌లోని ఐడియా ఇన్‌స్టిట్యూట్‌లో గీసింది. వెనక స్తంభాల మీద నిలువుగా ఎక్కిన ఆ ఎర్ర లైట్లు మన ఊళ్ల ట్యాక్సీ స్టాండ్లలో ఎన్నేళ్లు కనిపించాయో! ఇక స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్నది ఫియట్ 1,248 సీసీ మల్టీజెట్. మన దేశంలో 2007 నుంచి స్విఫ్ట్, ఆ తర్వాత డిజైర్, ఎర్టిగా, బ్రెజా, ఇండికా విస్టా, పుంటో, ఇలా కంపెనీల గోడలు దాటి తిరిగింది ఆ ఒక్క ఇంజినే. 2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చేదాకా మారుతి దాన్ని వదల్లేదు. దాని వెనకున్న కామన్ రైల్ పద్ధతి ఫియట్ పరిశోధన కేంద్రంలో రూపు దిద్దుకుని, బాష్ చేతికి వెళ్లి, 1997లో ఆల్ఫా రోమియో 156తో రోడ్డెక్కింది. అంతకుముందు డీజిల్ ఇంజిన్లలో పంపు ఒక్కో సిలిండర్‌కూ విడివిడిగా డీజిల్ నెట్టేది. ఇక్కడ అన్నిటికీ కలిపి ఒక గొట్టంలో బాగా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ సిద్ధంగా ఉంటుంది. కంప్యూటర్ చెప్పిన క్షణానికి ఇంజెక్టర్ తెరుచుకుని ముందు చిన్న చుక్క, తర్వాత అసలు మోతాదు చిమ్ముతుంది. ఆ చిన్న చుక్క ముందే అంటుకోవడంవల్ల అసలు మంట ఒక్కసారిగా భగ్గుమనదు. డీజిల్ కారు టకటకలు తగ్గింది అందుకే. రాత్రంతా కారులో ప్రయాణం చేసి ఊరు చేరిన మన కుటుంబాలకు ఆ నిద్ర టురిన్ ఇచ్చింది.

ఆ కుర్రాడే నన్ను పాతబస్తీలో ఒక కాఫీ కొట్టుకు తీసుకెళ్లాడు. అక్కడ బిచెరిన్ అని చిన్న గాజు గ్లాసులో ఇస్తారు: అడుగున వేడి చాక్లెట్, మధ్యలో కాఫీ, పైన చల్లటి మీగడ. నేను చెంచా అందుకోబోతుంటే పక్క బల్ల మీది పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపి వద్దన్నారు. కలపకూడదు, పొరలు పొరలుగానే తాగాలి. చెప్పడం అయ్యాక మళ్లీ తన పేపర్లోకి తల దించేశారు. టురిన్ మనుషులు అంతే. కావలసినంత మర్యాద, అవసరమైనంతే మాట. ఆ ఊరి కార్లలోనూ ఆ గుణం కనిపిస్తుంది.

ఊళ్లోని జాతీయ ఆటోమొబైల్ మ్యూజియంలో నా ఎక్కువ సమయం డాంటే జకోజా చేసిన చిన్న కార్ల దగ్గరే గడిచింది. 1957 నాటి ఫియట్ 500 మూడు మీటర్లకు కాస్త పొట్టి. వెనక రెండు సిలిండర్ల ఇంజిన్, 479 సీసీ, మొదట్లో 13 హార్స్‌పవర్. నీళ్లు లేవు, రేడియేటర్ లేదు, గాలే చల్లబరుస్తుంది. రెండు పిస్టన్లూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి, అందుకే దాని చప్పుడు విడివిడి అడుగులుగా వినిపిస్తుంది. యుద్ధంలో దెబ్బతిన్న దేశంలో స్కూటర్ మీద తిరిగే కుటుంబాన్ని వాన తగలకుండా కూర్చోబెట్టడం దాని పని. ఉక్కు ఖర్చు తగ్గించడానికి పైకప్పులో గుడ్డ వేశారు. ఆ గుడ్డ మడిచేస్తే ఆకాశం. పొదుపు నుంచి అందం ఇంత సహజంగా పుట్టిన కారు ఇంకొకటి నేను చూడలేదు.

జకోజా చేసినదే 1953 నాటి ఫియట్ 1100 కూడా. మనవాళ్లు "ఫియట్" అని మాత్రమే పిలిచిన కారు, తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది దాని వంశమే. అందులో ఇంజిన్ నిలువుగా ఉంటుంది, అంటే కారు పొడవు వెంట. దాని వెనక గేర్‌బాక్స్, అక్కణ్ణుంచి వెనక చక్రాలదాకా కారు కింద పొడవాటి షాఫ్ట్. ఆ షాఫ్ట్ కోసం నేల మధ్యలో గట్టు లేపాలి. పద్మినిలో వెనక సీటు మధ్యలో కూర్చున్న పిల్లలందరూ ఆ గట్టుకు అటొక కాలు, ఇటొక కాలు వేసుకునే ప్రయాణం చేశారు.

ఆ గట్టును తీసెయ్యాలంటే ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి, ముందు చక్రాలనే తిప్పించాలి. 1959లో ఇంగ్లండులో ఇసిగోనిస్ మినీ కారుతో ఆ పని చేశాడు గానీ గేర్‌బాక్స్‌ను ఇంజిన్ అడుగున నూనె తొట్టిలోనే పెట్టాడు. ఇంజిన్ నూనే గేర్లకూ పనిచెయ్యాలి. జకోజా ఇంకో దారి చూశారు. అడ్డంగా పడుకున్న ఇంజిన్ కొసన, అదే వరసలో గేర్‌బాక్స్. దానివల్ల చక్రాలకు వెళ్లే రెండు షాఫ్టులూ సమానంగా ఉండవు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఉండనీ అన్నారాయన. ముందు రేడియేటర్, దానికి కరెంటు ఫ్యాను. ఈ పద్ధతిని 1964లో ఆటోబియాంకి ప్రీములా అనే కారులో ప్రయత్నించారు, బెడిసికొడితే ఫియట్ పేరుకు మచ్చ రాకూడదని. అది నిలబడ్డాక 1969లో ఫియట్ 128 వచ్చింది.

128ని చూసి ఎవరూ ఆగరు. మ్యూజియంలోనూ జనం ఆగలేదు. నాలుగు గీతలతో గీసిన పెట్టె లాంటి కారు. కానీ మారుతి 800 బానెట్ ఎత్తినా, ఇండికాది ఎత్తినా, శాంత్రోది ఎత్తినా కనిపించే అమరిక ఈ కారుదే: ఇంజిన్ అడ్డంగా, పక్కన గేర్‌బాక్స్, ముందు చక్రాలకు పొడుగూ పొట్టీ షాఫ్టులు. ప్రపంచంలో చిన్న కారు కొన్న ప్రతి కుటుంబానికీ ఒక జానెడు చోటు మిగిల్చిన మనిషి జకోజా. ఆ 1.1 లీటర్ ఇంజిన్ గీసిన ఔరేలియో లాంప్రెడి అంతకుముందు ఫెరారీలో పెద్ద వి-12 ఇంజిన్లు గీసినవాడు. 1951లో సిల్వర్‌స్టోన్‌లో ఫెరారీకి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తొలి గెలుపు తెచ్చిన 4.5 లీటర్ల ఇంజిన్ ఆయనదే. అలాంటివాడు ఆఫీసుకెళ్లే గుమాస్తా కారుకూ అదే మనసు పెట్టాడు. ఒక ఇంజినీరు గొప్పతనం నాకు తెలిసేది ఇలాంటి చోటే.

టురిన్ నుంచి మిలాన్ వైపు వెళ్తుంటే వెర్చెల్లీ దగ్గర కిటికీ అవతల నీళ్లు మొదలయ్యాయి. కనుచూపు మేర వరి మడులు. వసంతంలో మడులన్నిటికీ నీళ్లు పెడతారు. గట్లతో గళ్లు గళ్లుగా విడిపోయిన ఆ నీళ్లలో ఆల్ప్స్ మంచు కొండలు తలకిందులుగా కనిపిస్తాయి. కొంగలు కూడా ఉన్నాయి. కొబ్బరిచెట్లు మాత్రం లేవు, మనుషులూ లేరు. కోనసీమలో ఇంత నీటి మడి ఉంటే నడుం వంచిన ఆడవాళ్లు వరసగా ఉంటారు. ఇక్కడా ఒకప్పుడు కలుపు తీయడానికి ఆడకూలీలు వేల సంఖ్యలో వచ్చేవారు, ఇప్పుడు అంతా యంత్రాలే. 1860లలో తవ్విన కావూర్ కాలువ పో నది నీళ్లను ఈ మడులకు తెస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దానికంటే పదేళ్లు పైచిలుకు పెద్దది. ఇక్కడి బియ్యంతో చేసే రిజొట్టోను ఒక చిన్న హోటల్లో తిన్నాను. గింజ లావు, లోపల కాస్త పలుకు, చుట్టూ వెన్న, జున్ను. సోనామసూరి తిన్న నాలుకకు కొత్తగానే ఉంది గానీ, వడ్డించిన ఆవిడ ప్లేటు ఖాళీ అయ్యేదాకా దగ్గర్లోనే నిలబడి చూసిన తీరు మాత్రం మన పెద్దమ్మలదే.

మిలాన్ శివారు ఆరేసెలో ఆల్ఫా రోమియో మ్యూజియం ఉంది. 1950లో మొట్టమొదటి ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిన ఆల్ఫెట్టా అక్కడే ఉంది. 1967 నాటి 33 స్ట్రదాలె కూడా. ఫ్రాంకో స్కాల్యోనె గీసిన ఆ కారు 18 మాత్రమే తయారయ్యాయి, ఒక్క మూల కూడా లేకుండా మొత్తం వంపులే. కొద్ది దూరంలో మార్చెల్లో గాండీని 1968లో గీసిన కరాబో. ఏడాది తేడాలో అదే కంపెనీ ఇంజిన్ మీద వంపు ఒక్కటీ లేని బాకు మొన. తలుపులు పైకి లేస్తాయి. కార్ల రూపం ఒక్క ఏడాదిలో ఇలా మారిన చోటు ఇంకెక్కడా కంటికి కనిపించదు. గాండీని, జుజారో ఇద్దరూ 1938 ఆగస్టులోనే పుట్టారు, ఒకే పీడ్‌మాంట్ ప్రాంతంలో. జుజారో అడ్డు ఇంజిన్ మిగిల్చిన చోటును మనుషులకు పంచుతూ గోల్ఫ్, పాండా, ఊనో గీశాడు. గాండీని నడిమధ్యకు జరిగిన ఇంజిన్ చుట్టూ నేలకు అంటుకుపోయే కార్లు గీశాడు. నా మనసు మొదటాయన వైపే మొగ్గుతుంది. రెండో ఆయన ముందు మాత్రం చాలాసేపు నిలబడిపోయాను.

ఆరేసెలో నాకు దక్కిన గొప్ప క్షణం మ్యూజియం బయట, కార్లు ఆపేచోట. ముదురు ఎరుపు ఆల్ఫా 164 పక్కన ఒక పెద్దాయన, ఆయన భార్య నిలబడి ఉన్నారు. నేను చుట్టూ తిరిగి చూస్తుంటే ఆయన పేరు అడగలేదు, ఊరు అడగలేదు. బానెట్ ఎత్తారు. జుసెప్పె బుస్సో చేసిన వి-6. అడ్డంగా పెట్టిన ఆ ఇంజిన్ పైన గాలి లోపలికి తీసుకునే ఆరు గొట్టాలు, వెండిలా మెరుస్తూ, వరసగా వంగి ఉన్నాయి. ప్లాస్టిక్ మూత లేదు. లోపల జరిగే పనిని చూపించడానికి సిగ్గుపడని ఇంజిన్. ఆయన స్టార్ట్ చేసి నన్ను చెవి దగ్గర పెట్టమన్నట్టు సైగ చేశారు. మెల్లగా ఉన్నప్పుడు గొంతు కాస్త బొంగురు. యాక్సిలేటర్ తొక్కేకొద్దీ ఆ బొంగురు పోయి, స్వరం సన్నబడి, తెగకుండా సాగుతూ పైకి వెళ్లింది. సిలిండర్ల వరసల మధ్య 60 డిగ్రీలు, క్రాంక్ షాఫ్ట్ ప్రతి 120 డిగ్రీలకూ ఒక మంట, లెక్క తప్పకుండా. ఆ క్రమమే మన చెవికి పాటగా అందుతుంది. 1979లో ఆల్ఫా 6 కారుతో మొదలైన ఈ ఇంజిన్ తయారీ 2005 చివర్లో ఆగింది. 2006 జనవరి మొదటి వారంలో బుస్సో కన్నుమూశారు. ఆ సంగతి ఆ పెద్దాయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్తుంటే భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

మోడెనా వైపు నేల మరీ చదును. రెజ్జో ఎమీలియా దగ్గర కాఫీకి ఆగిన చోట తలపాగా కట్టుకున్న పంజాబీ పెద్దాయన కలిశారు. ఆ ప్రాంతంలో పశువుల కొట్టాల్లో, జున్ను కోసం పాలు పితికే పనుల్లో పంజాబీలు చాలామంది. లంబోర్గిని చూడ్డానికి వెళ్తున్నానంటే, "మా కొట్టంలో ఉంది, నడుపుతావా?" అని హిందీలో అడిగారు. ఆయనకు లంబోర్గిని అంటే ట్రాక్టరు. ఫెర్రుచ్చో లంబోర్గిని మొదట చేసింది ట్రాక్టర్లే కదా. కాఫీ డబ్బులు ఆయనే ఇచ్చేశారు, నా చెయ్యి జేబులోకి వెళ్లేలోపే.

మోడెనాలో ఎంజో ఫెరారీ తండ్రి ఇనప పని చేసిన కొట్టు, పక్కనే పసుపు బానెట్ ఆకారంలో కట్టిన కొత్త భవనం, రెండూ కలిసి ఇప్పుడు మ్యూజియం. పాత కొట్టు ఉన్నచోట ఇంజిన్లు వరసగా పెట్టారు. నాకు కావలసింది జోకినో కొలంబో వి-12. 1947లో ఫెరారీ పేరుతో వచ్చిన మొదటి కారు 125 ఎస్. ఒక్కో సిలిండర్ 125 సీసీ, అంటే మన కుర్రాళ్లు కాలేజీకి వేసుకెళ్లే బైకు ఇంజినంత. అలాంటివి పన్నెండు కలిస్తే లీటరున్నర. చిన్న పిస్టన్లు తేలిక, తేలిక కాబట్టి వేగంగా తిరుగుతాయి. ఒక పిస్టన్ ఊపును ఇంకోటి సరిచేసుకుంటూ పోతుంది, 60 డిగ్రీలకొక మంట. యుద్ధం ముగిసిన ఏడాదిలో, తిండికి కటకటలాడుతున్న దేశంలో, ఇంత ఓర్పు కావలసిన ఇంజిన్‌కు గీతలు గీయడం మొదలుపెట్టారంటే ఆ మనుషుల మొండితనం మీద నాకు అపారమైన గౌరవం.

ఆ తర్వాతి ఫెరారీల్లో చాలావాటి బాడీలు మోడెనాలోనే స్కాల్యెట్టి వర్క్‌షాపులో సుత్తితో కొట్టినవి. అల్యూమినియం రేకును ఇసక సంచి మీద పెట్టి, కంటి అంచనాతో వంపు తిప్పేవారు. ఒక కారులాగా ఇంకోటి అచ్చంగా ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే వడ్రంగులు, రేకు పనివాళ్లు, ముందు పలక మీద రంగులు దిద్దే పెయింటర్లు చేసేది ఇదే పని. స్కాల్యెట్టి పేరు ఫెరారీ ఒక కారుకే పెట్టుకుంది. ఆటోనగర్ మేస్త్రీల్లో ఒక్కరి పేరైనా ఎక్కడైనా రాసిపెట్టామా? వాళ్ల చేతి లారీలు దేశమంతా తిరిగాయి. ఈ లోటు నన్ను ప్రయాణమంతా బాధపెట్టింది, ఇప్పుడూ పెడుతోంది.

మోడెనాలో రాత్రి భోజనానికి న్యోక్కో ఫ్రిట్టో తెచ్చారు, పూరీలాగే పొంగిన మైదా పలకలు, వేడివేడిగా. వాటితో జున్ను, ఊరి ద్రాక్ష సిర్కా. అసలు సిర్కా ఇంటి అటక మీద పీపాల్లో కనీసం 12 ఏళ్లు మగ్గాలి. చుక్క చాలు, నాలుక మీద చాలాసేపు ఉంటుంది. పన్నెండేళ్లు ఆగి ఒక చుక్క తీసే ఊళ్లోనే గంటకు మూడొందల కిలోమీటర్ల కార్లు తయారవుతాయి.

ఫెరారీ ఫ్యాక్టరీ ఉన్న మారనెల్లోలో నేను ఎక్కువగా చూసింది 1968 నాటి ఫెరారీ డేటోనా. ముందు పొడవాటి బానెట్, దాని కింద నిలువుగా 4.4 లీటర్ల వి-12, బరువు సరితూగడానికి గేర్‌బాక్స్ వెనక. డ్రైవరు వెనక ఇంజిన్ పెట్టడానికి ఎంజో చాలాకాలం ఒప్పుకోలేదు. ఆ పట్టుదలలోంచి వచ్చిన అందం అది. ఆ బానెట్ పొడవుకు కారణం ఉంది, కింద పన్నెండు సిలిండర్లున్నాయి. ఇవాళ కరెంటు కార్లకు కూడా పొడవాటి బానెట్లు గీస్తున్నారు, కింద ఏమీ లేకుండా. కంపెనీలు ఏ పేరు పెట్టి అమ్మినా నాకది నచ్చదు. ఇంజిన్ లేనప్పుడు ఆ చోటు మనుషులకు రావాలి. ఇప్పుడు జకోజా ఉంటే మొదట చేసే పని అదే.

సంతాగత బొలొనేజె అనే చిన్న ఊళ్లో, పొలాల మధ్య, లంబోర్గిని ఫ్యాక్టరీ. జొట్టో బిజ్జరీని 1963లో చేసిచ్చిన వి-12 మార్పులు చేర్పులతో 2010 దాకా అక్కడ బతికింది, మూడున్నర లీటర్ల నుంచి ఆరున్నరకు పెరుగుతూ. ఆ ఇంజిన్‌కు దొరికిన గొప్ప ఇల్లు మీయూరా. దల్లారా, స్టాంజాని అనే ఇద్దరు యువ ఇంజినీర్లు దాన్ని డ్రైవరు వెనక, అడ్డంగా పెట్టారు. గేర్‌బాక్స్ కూడా అదే పోతలో, అదే నూనెలో. అవును, మినీ పద్ధతే. 1965 టురిన్ ప్రదర్శనలో బాడీ లేకుండా ఒట్టి అస్థిపంజరం పెడితేనే జనం మూగారు. మరుసటి ఏడాది గాండీని బాడీ తొడిగాడు. ఎత్తు నా నడుం దాటి కొంచెం. వెనక్కి పడుకున్న హెడ్‌లైట్ల చుట్టూ కనురెప్పల వెంట్రుకలు. దాని ముందు నిలబడి నాకు తట్టింది ఒక్కటే: ప్రీములా, మీయూరా పుట్టింది దాదాపు ఒకే సమయంలో, ఒకే మైదానంలో. ఇద్దరు ఇంజినీర్ల బృందాలు ఒకే పని చేశాయి, ఇంజిన్‌ను పక్కకు తిప్పాయి. ఒకళ్లు నలుగురిని కూర్చోబెట్టారు, ఇంకొకళ్లు ఇద్దరి గుండెలు దడదడలాడించారు.

తిరిగొచ్చాక మిత్రులు అడుగుతున్నారు, వాటిలో ఒకటి ఇస్తామంటే ఏది తెచ్చుకుంటావని. మీయూరా అంటాననుకుంటారు. 128 అంటానని నన్ను బాగా ఎరిగినవాళ్లు అనుకుంటారు. నేను తెచ్చుకునేది ఆరేసెలో చూసినటువంటి 164. పినిన్‌ఫరీనా గీసిన నాలుగు తలుపుల కారు. ఇంజిన్ అడ్డంగా ఒదిగి వెనక సీటుకు చోటిచ్చింది, ఆ ఇంజిన్ బుస్సో చేసింది. మా అమ్మ వెనక హాయిగా కూర్చుంటుంది, నేను ముందు కూర్చుని గేరు మార్చకుండా నాలుగు వేల ఆర్‌పీఎం దాటనిస్తాను. చప్పుడేంట్రా అని ఆవిడ అడిగితే అద్దాలు దించుతాను.